కోడ్ మంకీస్: ఆఫీసు అచ్చు గుద్దినట్టుంది, మిషనే కనబడదు

అమెరికాలో జీ4 అనే కేబుల్ ఛానల్ 2007 జూలై 11న మొదలుపెట్టిన యానిమేషన్ కామెడీ ‘కోడ్ మంకీస్’. ఆడమ్ డె లా పెన్యా తయారు చేశాడు. రెండు సీజన్లు, 26 ఎపిసోడ్లు నడిచి 2008లో ఆగిపోయింది. ఒక్కోటి అరగంట స్లాటు. ప్రకటనలు తీసేస్తే మొత్తం తొమ్మిదిన్నర గంటల దాకా వస్తుంది, అంటే రెండు ఆదివారాల పని. కార్టూన్ కదా అని పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోవద్దు. గంజాయి, బూతులు, శృంగారం, చావులు అన్నీ ఉన్నాయి. ఇది పూర్తిగా పెద్దల కోసం తీసింది.

కథ జరిగేది కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో, 1980ల మొదట్లో. ఆ ఊరు మనవాళ్లకి కొత్త కాదు. ఇప్పుడక్కడ తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు కోకొల్లలు. అప్పట్లో మాత్రం సన్నీవేల్ అంటే వీడియో గేముల కంపెనీ అటారీ ఊరు. ఆ గాలిలోనే గేమావిజన్ అనే కల్పిత కంపెనీని నిలబెట్టారు. పని ఎగ్గొట్టి మత్తులో తేలే ప్రోగ్రామర్ డేవ్, అతని పక్క సీటులో కళ్లజోడు పెట్టుకుని బుద్ధిగా పనిచేసే జెర్రీ, ఆఫీసంతటికీ ఒక్కతే ఆడ ప్రోగ్రామర్ మేరీ, డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రలు కట్టే ఆట పిచ్చిలో మునిగిన టాడ్, లెక్కలు చూసే బ్లాక్ స్టీవ్, సౌండ్ చేసే క్లారెన్స్, గేములు ఆడి తప్పులు పట్టే బుడతడు బెన్నీ, వీళ్లే మనుషులు. మొదటి ఎపిసోడ్‌లో కంపెనీ ఓనరు, యాపిల్ పెట్టినవాళ్లలో ఒకడైన స్టీవ్ వోజ్నియాక్. గొంతు కూడా నిజంగా ఆయనదే. ఆయన కంపెనీని లారిటీ అనే టెక్సస్ కోటీశ్వరుడికి అమ్మేసి వెళ్లిపోతాడు. లారిటీకి గేమ్ అంటే ఏమిటో తెలీదు. కండలు తప్ప మరేం లేని కొడుకు డీన్‌ని తెచ్చి ఆఫీసులో కూర్చోబెడతాడు. అసలు గొడవ అక్కడ మొదలవుతుంది.

గేమ్ కంపెనీ లోపల మనుషులు ఎలా ఉంటారో ఈ సిరీస్‌కి బాగా తెలుసు. ఆ రోజుల్లో గేమ్ తయారు చేయడం ఎంత కష్టమో మాత్రం ఎక్కడా చూపించదు. మొదటిది దీని బలం. రెండోది లేకపోవడం వల్లే మంచి జోకులు కూడా చాలాచోట్ల సగంలో చల్లారిపోతాయి.

ముందు బలం సంగతి. లారిటీ పాత్ర అతిగా అనిపిస్తుంది గానీ, దాని వెనక చరిత్ర గట్టిదే. నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ 1972లో పెట్టిన అటారీని 1976లో వార్నర్ కంపెనీ 2.8 కోట్ల డాలర్లకి కొన్నది. 1978లో రే కాసార్ వచ్చి పగ్గాలు పట్టాడు. ఆయన అంతకుముందు పనిచేసింది బర్లింగ్‌టన్ ఇండస్ట్రీస్‌లో, అంటే బట్టల మిల్లుల వ్యాపారం. గేమ్ డబ్బా మీద రాసినవాడి పేరు వేయరు, అమ్మకాల్లో వాటా ఇవ్వరు. తాము రాసిన గేము డబ్బాలు, అంటే మిషన్‌లో గుచ్చి ఆడే క్యాట్రిడ్జ్‌లు కంపెనీకి ఎంత తెచ్చిపెడుతున్నాయో లెక్క చూసుకున్న నలుగురు, డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్, బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ పెట్టారు. వేరే కంపెనీ మిషన్‌కి గేములు రాసి అమ్మడం అక్కడే మొదలైంది. అదే రోజుల్లో వారెన్ రాబినెట్ ‘అడ్వెంచర్’ అనే గేములో, గోడ రంగులోనే కలిసిపోయే ఒక్క చుక్కని దాచిపెట్టాడు. దాన్ని వెతికి పట్టుకుని సరైన గదికి మోసుకెళితే ఆయన పేరు తెర మీద కనబడుతుంది. ఆ సంగతి బయటపడే నాటికి ఆయన కంపెనీలో లేడు. పేరు కోసం అంత తపన పడాల్సి వచ్చిన ఆఫీసులు అవి. యజమానికి గేము తెలీదు, రాసేవాడికి యజమాని అంటే లెక్కలేదు. ఈ చీకాకుని ‘కోడ్ మంకీస్’ సరిగ్గా పట్టుకుంది. పైనుంచి చెప్పింది చెప్పినట్టు టైపు చేసే ప్రోగ్రామర్‌ని అక్కడ కోడ్ మంకీ అంటారు. టైటిల్‌లో వినబడే పాట జొనాథన్ కౌల్టన్ 2006లో విడుదల చేసిన ‘కోడ్ మంకీ’. అదీ ఆ బాధ గురించే. ఇంత సరిగ్గా కుదిరిన టైటిల్ పాట ఇలాంటి సిరీస్‌లకి దొరకడం అరుదు.

వోజ్నియాక్‌ని గేమ్ కంపెనీ ఓనరుగా చూపించడం కల్పనే అయినా, అటారీతో ఆయనకి నిజంగానే లింకు ఉంది. అటారీ ‘బ్రేకౌట్’ గేముకి ఆర్కేడ్ (డబ్బులేసి ఆడే మిషన్) బోర్డుని తక్కువ చిప్‌లతో తయారు చేసే పని స్టీవ్ జాబ్స్ ఒప్పుకుంటే, నాలుగు రాత్రులు నిద్రలేకుండా కూర్చుని డిజైన్ చేసింది వోజ్నియాకే. ఇది తెలిసి చూస్తే మొదటి ఎపిసోడ్ ఇంకాస్త బాగుంటుంది. పేర్లలోని వెటకారం కూడా పట్టుకోండి. పోటీ కంపెనీ పేరు బెల్లెకోవిజన్. 1982లో కొలెకో తెచ్చిన కొలెకోవిజన్ అనే గేమ్ మిషన్ మీద విసురు అది. గేమావిజన్ అన్న పేరు వినగానే మాటెల్ వాళ్ల ఇంటెలివిజన్ గుర్తొస్తుంది.

ఇప్పుడు బొమ్మ సంగతి. సిరీస్ మొత్తాన్ని పాత వీడియో గేములా గీశారు. మనుషులు పక్క నుంచి కనబడతారు, చదరపు పిక్సెల్స్‌తో చేసిన గదుల్లో అటూ ఇటూ నడుస్తారు, తెర పైన స్కోరు పట్టీ ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. 90లలో మన ఊళ్లలో టీవీకి తగిలించి ఆడిన గేములు గుర్తున్నవాళ్లకి చూడగానే సొంత మనిషిలా అనిపిస్తుంది. అలా అనిపించడానికి కారణముంది. మన దగ్గరికొచ్చిన ఆ డబ్బాల్లో ఎక్కువ భాగం నింటెండో ఫామికామ్‌కి నకళ్లు. ఫామికామ్ జపాన్‌లో 1983లో వచ్చింది, అమెరికాకి నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ పేరుతో 1985లో వెళ్లింది. ‘కోడ్ మంకీస్’ బొమ్మ ఆ తరానికి దగ్గర. కథలోని కాలానికి అమెరికా ఇళ్లలో ఉన్న మిషన్ మాత్రం వేరు. అది 1977లో వచ్చిన అటారీ 2600. దాని మీద ఈ బొమ్మలో పదో వంతు కూడా గీయలేరు. ఇది కేవలం చాదస్తం కొద్దీ ఎత్తి చూపే తప్పు కాదు. హాస్యం దెబ్బతిన్నది కూడా ఇక్కడే కాబట్టి కొంచెం దగ్గరగా చూద్దాం.

ఆ మిషన్‌లో 6507 ప్రాసెసర్, వేగం 1.19 మెగాహెర్ట్జ్. క్యాట్రిడ్జ్‌కి మామూలుగా దొరికే చోటు 4 కిలోబైట్లు. పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ 128 బైట్లు. కిలోబైట్లు కాదు, బైట్లే. ఇవాళ్టి ఫోన్లలో తెలుగు అక్షరం గానీ, గుణింతం గుర్తు గానీ, పొల్లు గానీ ఒక్కోటి 3 బైట్లు తింటుంది. ‘కోడ్ మంకీస్’ అన్న పేరు మధ్య ఖాళీతో కలిపి 31 బైట్లు. ఆ పేరుని నాలుగు సార్లు రాస్తే 124 బైట్లు అయిపోయాయి, ఐదోసారికి చోటు లేదు. బొమ్మలు ఎక్కడున్నాయి, స్కోరెంత, ప్రాణాలెన్ని మిగిలాయి, శత్రువు ఎటు కదులుతున్నాడు, ఇవన్నీ అందులోనే సర్దాలి. ప్రోగ్రామ్ ఒక పని మధ్యలో ఇంకో పనికి వెళ్లి తిరిగొచ్చే దారి గుర్తుపెట్టుకోవడానికి కూడా చోటు అందులోంచే పోతుంది.

అంతకన్నా పెద్ద చిక్కు ఇంకొకటి. తెర మీది బొమ్మని మొత్తంగా దాచిపెట్టుకునే మెమరీ ఈ మిషన్‌లో లేనే లేదు. టీవీలో ఎలక్ట్రాన్ కిరణం ఎడమ నుంచి కుడికి ఒక్కో గీత గీస్తూ కిందికి దిగుతుంది. ఒక గీతకి ప్రాసెసర్‌కి దొరికేది 76 సైకిళ్లు, అంటే ప్రాసెసర్ గడియారం 76 సార్లు కొట్టుకునేంత సమయం. ఆ గీతలో ఏ రంగు, ఏ ఆకారం కావాలో కిరణం అక్కడికి చేరేలోపే టీఐఏ అనే చిప్‌కి చెప్పాలి. ఒక విలువ తీసుకుని చిప్‌లో వేయడానికి తక్కువలో తక్కువ 5 సైకిళ్లు పడుతుంది. ఈలోపు కిరణం 15 పిక్సెళ్లు దాటేస్తుంది. తెర వెడల్పే 160 పిక్సెళ్లు. అంటే ఒక గీత అటు నుంచి ఇటు గీసేలోపు పదిసార్లకి మించి మనసు మార్చుకునే వీల్లేదు. అమెరికా టీవీకి ఒక ఫ్రేములో, అంటే తెర నిండా ఒకసారి గీసే బొమ్మలో, 262 గీతలు రావాలి. అందులో 192 గీతల్లో బొమ్మ ఉంటే, పైనా కిందా మిగిలిన 70 గీతల టైములోనే గేము లెక్కలన్నీ పూర్తవ్వాలి. లెక్క తప్పి గీతల సంఖ్య ఫ్రేముకో రకంగా మారితే బొమ్మ ఎగురుతుంది, పాత టీవీల్లో పైకీ కిందికీ దొర్లుతుంది. పని ఎగ్గొడితే దాయడానికి చోటు లేదు, టీవీ పెట్టగానే అందరికీ కనబడిపోతుంది.

టీఐఏ ఇచ్చే కదిలే బొమ్మలు ఐదే: 8 పిక్సెళ్ల వెడల్పున్న ‘ప్లేయర్’ బొమ్మలు రెండు, వాటికి చెరో ‘మిస్సైల్’, ఒక ‘బాల్’. వెనక గోడల కోసం ‘ప్లేఫీల్డ్’ ఉంటుంది. దానికి 20 బిట్లే, అంటే రంగు ఉందా లేదా అని చెప్పే గళ్లు ఇరవై. తెర ఎడమ సగం గీశాక అవే కుడి సగంలో మళ్లీ వస్తాయి, లేదా అద్దంలోలా తిరగబడి వస్తాయి. బొమ్మని ఫలానా చోట పెట్టు అని అంకె ఇచ్చే సౌకర్యం కూడా లేదు. కిరణం ఆ చోటికొచ్చే క్షణం దాకా సైకిళ్లు లెక్కపెడుతూ కాచుకుని, సరిగ్గా అప్పుడు చిప్‌లో ఆదేశాలు వేసే గూడు, అంటే ఒక రిజిస్టర్‌ని తట్టాలి. అలా 15 పిక్సెళ్ల అంగలతో దగ్గరికి తెచ్చి, మిగిలిన తేడాని వేరే రిజిస్టర్‌తో సర్దాలి.

ఇప్పుడు ‘కోడ్ మంకీస్’లో మీటింగ్ సీన్ ఒకటి తీసుకోండి. బల్ల చుట్టూ ఆరేడుగురు, ఒక్కొక్కరికీ వేరే జుట్టు, వేరే చొక్కా, పైన పట్టీలో పేరూ స్కోరూ. ఈ సీన్ 2600 మీద వేస్తే ఏమవుతుంది? స్కోరు వరకు వస్తుంది. రెండు ప్లేయర్ బొమ్మల్నీ మూడేసి కాపీలుగా పక్కపక్కన అల్లి, కిరణం ఒక్కో కాపీని దాటుతుండగా ఆకారం మారుస్తూ పోతే 48 పిక్సెళ్ల పట్టీ తయారవుతుంది. ఆ గేముల్లో ఆరంకెల స్కోరు కనబడేది ఈ కిటుకుతోనే. ఆ గీతల్లో పక్కన ఇంకేం వేద్దామన్నా సైకిళ్లు మిగలవు. ఇక బల్ల చుట్టూ ఒకే వరసలో కూర్చున్న మనుషులు ఉన్న రెండు బొమ్మల్నీ వంతులేసుకుని వాడుకోవాలి. ఈ ఫ్రేములో ఇద్దరు, తర్వాతి ఫ్రేములో ఇంకో ఇద్దరు. అందుకే అందరూ మినుకుమినుకుమంటారు. 1982లో ఇంటికొచ్చిన ‘ప్యాక్‌మ్యాన్’లో దెయ్యాలు అలా మినుక్కుమన్నది ఇందుకే. నాలుగు దెయ్యాలకీ ఒకే బొమ్మ దక్కింది, నాలుగు ఫ్రేములకి ఒకసారి ఒక్కొక్కటి కనబడేది. కొన్నవాళ్లు మండిపడ్డారు.

ఇంత నాటకం ప్రోగ్రామర్ బల్ల మీదే జరుగుతుంటే, ఈ సిరీస్ దాన్ని వదిలేసి ఎక్కువగా బాత్రూమ్ జోకుల వెంట పడింది. అసలు నష్టం అదే. డేవ్ గంజాయి కొట్టి పని వాయిదా వేస్తే మనకి నవ్వు రావాలంటే, ఆ వాయిదాకి ధర ఏమిటో తెలియాలి. ఆ ధర కథలో ఎక్కడా కనబడదు. గేము అనుకుంటే అయిపోయినట్టే ఉంటుంది. జెర్రీ పాత్రకి ఇది మరీ అన్యాయం. ఆ రోజుల్లో ఒక్క బైటు మిగల్చడానికి రాత్రంతా కూర్చునే మనిషికి అతను అచ్చమైన నమూనా. అతని చేతిలో అలాంటి ఒక్క రాత్రి కూడా పెట్టలేదు.

మేరీ విషయంలోనూ అంతే. ఆఫీసులో ఒక్కతే ఆడ ప్రోగ్రామర్ కావడంలోని కష్టాన్ని సిరీస్ గుర్తించింది. చుట్టూ ఉన్నవాళ్ల వెకిలితనాన్ని ఆమె ఎదుర్కొనే తీరులో మంచి సన్నివేశాలే ఉన్నాయి. కానీ ఆమె పనితనాన్ని చూపించి ఉంటే ఆ పాత్ర ఎక్కడికో వెళ్లేది. కెరోల్ షా 1978లో అటారీలో చేరి, తర్వాత యాక్టివిజన్‌కి వెళ్లి 1982లో ‘రివర్ రెయిడ్’ రాసింది. విమానం కింద నది మలుపులు తిరుగుతూ ఎంతసేపైనా సాగుతుంది. ఆ నది పటం క్యాట్రిడ్జ్‌లో ఎక్కడా దాచి లేదు. 16 బిట్ల సంఖ్య ఒకదాన్ని ఒక పద్ధతి ప్రకారం జరుపుతూ పోతే వచ్చే అంకెల నుంచే ఒడ్లు, దీవులు, శత్రువులు పుడతాయి. మొదలు ఒకటే కాబట్టి ఎన్నిసార్లు ఆడినా అదే నది. మొత్తం గేము 4 కిలోబైట్లలోనే. మేరీ బల్ల మీద ఇలాంటిది ఒక్కటి పెట్టి, పక్కన డీన్‌ని నిలబెడితే కామెడీ దానంతటదే వచ్చేది.

రెండో ఎపిసోడ్ పేరే ‘ఈటీ’. దీన్ని చూసే ముందు అసలు చరిత్ర తెలుసుకోవడం చాలా అవసరం. 1982 జూలై చివర్లో అటారీ ‘ఈటీ’ అనే గ్రహాంతరవాసి సినిమాని గేముగా చేసే హక్కులు తెచ్చుకుంది. క్రిస్మస్ అమ్మకాలకి గేము అందాలంటే సెప్టెంబర్ 1కి కోడ్ పూర్తి కావాలి. నెలల తరబడి చేసే పనికి ప్రోగ్రామర్ హోవర్డ్ స్కాట్ వార్‌షాకి దొరికినవి ఐదు వారాలు. అప్పటికే ఆయన చేయి తిరిగినవాడు. ‘యార్స్ రివెంజ్’లో తెర మధ్య మెరిసే రంగుల పట్టీ కోసం వేరే బొమ్మ దాచడానికి చోటు లేక, గేము కోడ్ బైట్లనే బొమ్మగా తెర మీద పోసినవాడు. ‘ఈటీ’లో ఆటగాళ్లని ఏడిపించింది గుంతలు. బొమ్మకి బొమ్మ తగిలిందా లేదా అన్నది పిక్సెల్ లెక్కన చూస్తుంది. ఈటీ గుంతకి ఇవతల నిలబడ్డట్టే కనబడినా, తల భాగం గుంత రంగు మీద పడితే చాలు, పడిపోయినట్టే లెక్క. పైకి తేలి వచ్చి సరిగ్గా జరగకపోతే మళ్లీ లోపలికి. ఇంకో రెండు వారాలు ఆడించి చూసి ఉంటే దొరికిపోయే తప్పు అది. 1983లో అమెరికా గేముల మార్కెట్టే కుప్పకూలింది. ఆ సెప్టెంబర్‌లో అటారీ అమ్ముడుపోని సరుకుని న్యూ మెక్సికోలోని అలమొగోర్డో చెత్తదిబ్బలో పూడ్చింది. 2014 ఏప్రిల్ 26న తవ్వితే ‘ఈటీ’తో పాటు చాలా గేముల క్యాట్రిడ్జ్‌లు బయటపడ్డాయి. ఆ ఐదు వారాల్ని మనసులో పెట్టుకుని చూస్తే, ఆఫీసులో జరిగే గందరగోళం ఇంకా బాగా అర్థమవుతుంది.

నచ్చనివి కూడా స్పష్టంగా చెప్పాలి. బ్లాక్ స్టీవ్ కోపం, క్లారెన్స్ నడకా మాటా, కొరియా నుంచి వచ్చిన పసివాడు బెన్నీ మీద వేసే జోకులు చాలావరకు జాతి మీద, స్వలింగ సంపర్కుల మీద ఉన్న పాత ముద్రల్నే తిప్పి తిప్పి వాడతాయి. 2007లోనే అవి అరిగిపోయాయి, ఇప్పుడు ఇబ్బంది పెడతాయి. క్లారెన్స్‌కైతే చేతిలో మంచి సరుకు ఉంది. 2600లో సౌండుకి రెండే ఛానళ్లు, ఒక్కోదానికి 32 శ్రుతులు. అవి కూడా సంగీతం కోసం కొలిచి పెట్టినవి కావు కాబట్టి స్వరాలు సగం అపశ్రుతిలో పలుకుతాయి. ఏ రకం శబ్దంలో ఏ స్వరం కాస్త దగ్గరగా పలుకుతుందో ఏరుకుని, దానికి తగ్గట్టు పాటనే మార్చుకోవాలి. సంగీతం తెలిసినవాడికి అంతకన్నా నరకం ఏముంటుంది? అంత మంచి కామెడీని వదులుకుని అతని నడక మీద జోకులు వేశారు.

చూడాలనుకునేవాళ్లు వరసగానే చూడండి. మొదటి రెండు ఎపిసోడ్లూ దాటవేయొద్దు. ఆ రెండూ నచ్చకపోతే మిగతావి నచ్చే అవకాశం తక్కువ. టీవీలో మోషన్ స్మూతింగ్ ఆపేయండి. పిక్సెల్ బొమ్మ గంతులేస్తూ కదలడమే దీని అందం, ఆ సెట్టింగ్ మధ్యలో లేని ఫ్రేములు కలిపి దాన్ని నీళ్లలో నానబెట్టినట్టు చేస్తుంది. షార్ప్‌నెస్ కూడా తగ్గించండి, లేకపోతే చదరాల అంచుల చుట్టూ తెల్లగీతలు లేస్తాయి. మీ దగ్గరున్న కాపీ 4:3 (పాత టీవీల ఆకారం) అయితే వెడల్పు తెర నిండా సాగదీయకండి, పిక్సెళ్లు ఇటుకల్లా అవుతాయి, మనుషులు పొట్టివాళ్లవుతారు. అమెరికా డీవీడీ తెప్పించుకునేవాళ్లు ముందే చూసుకోవాల్సింది ఒకటుంది. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు డిస్కులకి ఉంటుంది. అక్కడి డిస్కులు సాధారణంగా రీజియన్ 1, మన దేశానిది రీజియన్ 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ లేకపోతే డిస్కు పెట్టినా ప్రయోజనం ఉండదు.

సిరీస్ చూశాక అసలు మిషన్ ఎలా గీసేదో కళ్లారా చూడాలనిపిస్తే, పాత మిషన్‌ని కంప్యూటర్‌లో నడిపించే స్టెల్లా అనే ఉచిత ఎమ్యులేటర్ ఉంది. న్యాయంగా సంపాదించిన ‘కంబాట్’ అనే ట్యాంకుల గేముని అందులో పెట్టండి. విండోస్‌లో ఆల్ట్ నొక్కి ఉంచి జెడ్ కొడితే ఒక ట్యాంకు మాయమవుతుంది, ఎక్స్ కొడితే రెండోది. సీ, వీ మిస్సైళ్లకి, బీ బాల్‌కి, ఎన్ గోడలకి. మళ్లీ అదే మీట కొడితే తిరిగొస్తాయి. అన్నీ ఆపేస్తే ఖాళీ రంగు మిగులుతుంది. ఒక్కొక్కటే మళ్లీ పెడుతూ రండి, ఆ గేమంతా ఎన్ని ముక్కలతో తయారైందో తేలిపోతుంది. తర్వాత గేమావిజన్ మీటింగ్ సీన్‌కి వెళ్లి, బల్ల చుట్టూ ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి.